పన్నెండు వారాల ఆన్‌లైన్ గుండె వ్యాయామం: డబ్బు దేనికి పెట్టాను, ఏది దక్కింది

గత డిసెంబరులో గుండెపోటు వచ్చి రెండు స్టెంట్లు వేయించుకున్నాను. జనవరి చివర మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారు మందుల చీటీ అడుగున ‘కార్డియాక్ రిహాబ్, వారానికి మూడుసార్లు, 12 వారాలు’ అని రాసిచ్చారు. గుండె జబ్బు తర్వాత కోలుకోవడానికి నిపుణుల కనుసన్నల్లో చేసే వ్యాయామం అది. నాకు 71 ఏళ్లు. హైదరాబాద్ పద్మారావు నగర్‌లో లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో మేమిద్దరమే ఉంటాము. ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది. ఆటోకు రానూ పోనూ 500 రూపాయల చొప్పున 36 సార్లకు 18,000 రూపాయలు దారి ఖర్చే అవుతుంది, పంజాగుట్ట కూడలి దగ్గర గడిచిపోయే సమయం దానికి అదనం. ముప్ఫై నాలుగేళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేసినవాణ్ణి కనుక ఈ లెక్క వేయకుండా ఉండలేకపోయాను. డాక్టరుగారిని అడిగి, ఆయన సరేనన్న తర్వాతే, ఇంట్లో ఫోను ముందు నిలబడి చేసే ఒక ఆన్‌లైన్ వ్యాయామ కార్యక్రమంలో ఫిబ్రవరిలో చేరాను. సంస్థ పేరు రాయదలచుకోలేదు.

రుసుము 12,600 రూపాయలు. అందులో వారానికి రెండు ప్రత్యక్ష తరగతులు, అంటే మొత్తం 24. మిగిలిన రోజులకు యాప్‌లో రికార్డు చేసిన వీడియోలు. మొదట ఒకసారి, చివర ఒకసారి పరీక్ష. ఒక సాగే రబ్బరు పట్టీ. బీపీ మిషను మనదే. ఇంట్లో చేస్తే ఆసుపత్రిలో చేసినంత ఫలితం ఉంటుందా అన్న సందేహాన్ని మా అమ్మాయి లేవనెత్తింది. దీనికి జవాబు ఉంది. వైద్య పరిశోధనలను కూడగట్టి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో 23 పరిశోధనలను, 2,890 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూసి, ఇంట్లో చేసినవారికీ కేంద్రానికి వెళ్లి చేసినవారికీ మరణాల విషయంలో గానీ, శ్రమ చేయగల శక్తి విషయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. అయితే ఆ పరిశోధనల్లో పాల్గొన్నవారిలో ఎక్కువమంది ప్రమాదం తక్కువగానో మధ్యస్థంగానో ఉన్నవారు. కనుక ఆ ఫలితం అందరికీ వర్తిస్తుందని అనుకోవడం తప్పు. నేను చేరిన సంస్థ ప్రకటనలో మాత్రం ఈ రెండో సంగతి లేదు.

చేరిన రెండో రోజున ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి గంటంపావు సేపు వీడియో కాల్‌లో నన్ను పరీక్షించింది. డిశ్చార్జి సమ్మరీ, ఎకో (గుండె స్కానింగు), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) రిపోర్టులు ముందుగా పంపనిదే ఆ కాల్ ఇవ్వరు. ఈ కార్యక్రమంలో నాకు నచ్చిన మొదటి విషయం అదే. ఆరు నిమిషాల నడక పరీక్షకు ముప్ఫై మీటర్ల తిన్నని వసారా కావాలి. మా ఇంట్లో హాలు గుమ్మం నుంచి వంటగది గట్టు దాకా కొలిస్తే తొమ్మిది మీటర్లు లేదు. మలుపులు ఎక్కువైన కొద్దీ నడిచే దూరం తగ్గిపోతుందని, ఆ అంకెను నమ్మి ప్రయోజనం లేదని తానే చెప్పి, బదులుగా కుర్చీ పరీక్ష పెట్టింది. చేతులు ఛాతీ మీద కట్టుకొని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి మళ్లీ కూర్చోగలనో లెక్కపెట్టడం. ఏడుసార్లు లేచాను. 70 నుంచి 74 ఏళ్ల మగవారికి 12 కంటే తగ్గితే సగటు కన్నా తక్కువ కింద లెక్క అని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. తర్వాత ఒక పాదం మడమకు రెండో పాదం బొటనవేలు ఆనించి నిలబడమన్నది. నాలుగు సెకన్లకే తూలి గోడ పట్టుకున్నాను. గుండె సంగతి చూపించుకోవడానికి వచ్చినవాడికి కాళ్ల సంగతి ఇంతగా బయటపడుతుందని ఊహించలేదు.

అందువల్ల మొదటి మూడు వారాలూ కుర్చీ వెనుక నిలబడి మడమలు ఎత్తడం, పక్కకు అడుగులు వేయడం, లేచి కూర్చోవడం వంటివే చేయించారు. ఇంత చిన్న కదలికలకు డబ్బెందుకని అప్పట్లో విసుక్కున్నాను గాని, అది నా తెలివితక్కువే. అమెరికాలో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన 349 మంది పెద్దవారి మీద జరిగి 2021లో ప్రచురితమైన రీహాబ్-హెచ్‌ఎఫ్ పరిశోధన, బలం, తూలకుండా నిలబడటం, కదలిక, దమ్ము అనే నాలుగింటినీ కలిపి మనిషికి తగ్గట్టు నేర్పితే మూడు నెలల్లో ఒంటి సామర్థ్యం బాగా మెరుగుపడుతుందని చూపించింది. నిలకడ లేని మనిషిని తిన్నగా నడకకు తోలితే ముందు జరిగేది మనిషి కింద పడటమే.

ఇక యాప్ సంగతి. మా అమ్మాయి కొనిచ్చిన చేతి వాచీని యాప్‌కు కలపమన్నారు, కలిపాను. వ్యాయామం చేస్తున్నంతసేపూ తెర మీద ఒక ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది. గుండె వేగం ఆ పట్టీలోకి వచ్చేవరకు ‘ఇంకా శ్రమించండి’ అనే మాట మెరుస్తూనే ఉంటుంది. నా విషయంలో ఆ పట్టీ 89 నుంచి 119 వరకు ఉన్నది. ఈ అంకెలు ఎక్కడివా అని వెనక్కి లెక్క కట్టి చూశాను. 220 లోంచి నా వయసు 71 తీసేస్తే 149; అందులో 60 శాతం 89, 80 శాతం 119. అంటే మనిషి ఏ మాత్రలు వేసుకుంటున్నాడో యాప్ చూడలేదు. గుండెపోటు వచ్చినవారిలో చాలామందిలాగే నేనూ మెటోప్రొలాల్ వేసుకుంటాను. అది బీటా బ్లాకర్. గుండె వేగాన్ని అదిమి ఉంచడమే దాని పని. ఆ మాత్ర మీద నేను కూర్చుని ఉన్నప్పుడు నాడి 58; అదే మాత్ర మీద చేసిన టీఎంటీలో ఇక చాలు అన్నప్పటికి 112. యాప్ నన్ను 119 దాకా పొమ్మంటున్నది. ఉన్న జీతం కంటే ఎక్కువ పన్ను కట్టమన్నట్టు ఉంది వ్యవహారం.

సరైన పద్ధతి ఆ ఫిజియో అమ్మాయే కాగితం మీద వేసి కెమెరాకు చూపించింది. టీఎంటీలోని 112 లోంచి విశ్రాంతి వేగం 58 తీసేస్తే 54 మిగులుతుంది. అందులో 40 నుంచి 60 శాతం తీసుకొని మళ్లీ 58కి కలిపితే దాదాపు 80 నుంచి 90. కార్వోనెన్ పద్ధతి అంటారట. నేను ఉండవలసింది అక్కడ. మరి యాప్‌లో దిద్దవచ్చు కదా అని అడిగితే, “దాన్ని మార్చే అధికారం మాకు లేదంకుల్. మీరు ఆ పట్టీ వైపు చూడకండి, నా వైపు చూడండి” అన్నది. ప్రత్యక్ష తరగతిలో అది సరిపోతుంది. మిగిలిన రోజుల్లో, ఆ అమ్మాయి లేని చోట, ‘ఇంకా శ్రమించండి’ అని మెరిసే తెర ముందు ఒంటరిగా ఉన్న ముసలివాడు ఏం చేయాలి? ఈ సంగతి రెండుసార్లు రాతపూర్వకంగా తెలియజేశాను. ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని రెండుసార్లు జవాబు వచ్చింది.

శ్రమను వాచీతో కాక ఒంటితో కొలిచే పద్ధతి కూడా ఉన్నది. స్వీడన్ దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన కొలబద్ద అది. 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక చేతకాదు, మాబోటివాళ్లం మొదట్లో 11, 13 మధ్య ఉంటే చాలు. యాప్‌లో దీన్ని తెలుగు చేసిన తీరు చూస్తే నవ్వు వస్తుంది: ‘కొంత కఠినం’, ‘అతి అతి తేలిక’. మేము ఉండవలసిన స్థాయిని ఫిజియో అమ్మాయి, “కూరగాయల సంచీతో మీ మొదటి అంతస్తు దాకా ఎక్కినంత” అని ఒక్క ముక్కలో చెప్పింది. దానికి తోడు మాట్లాడే పరీక్ష పెట్టేది. వ్యాయామం చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాకు మాటలకు బదులు ఎక్కం అప్పజెప్పే పని పెట్టింది, అదీ పదమూడో ఎక్కం. ఉన్నచోటనే నడుస్తూ “పదమూడేళ్లు తొంభై ఒకటి” దగ్గర ఊపిరి కోసం ఆగితే వేగం తగ్గించమనేది. ఆగకుండా పదిదాకా చెప్పేస్తే మోకాళ్లు ఇంకొంచెం ఎత్తమనేది. మా ఆవిడ వంటగదిలోంచి తప్పులు దిద్దేది. పన్నెండు వారాల్లో నాకు దొరికిన పరికరాల్లో ఇంతకన్నా నమ్మకమైనది లేదు, దానికి చార్జింగు కూడా అక్కరలేదు.

ప్రత్యక్ష తరగతిలో ఆరుగురం ఉండేవాళ్లం. అంతమందిని ఒక చిన్న తెర మీద ఒక్క మనిషి కనిపెట్టి చూడగలదా అని మొదట అనుమానపడ్డాను. నా ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి పెడితే ఆమెకు సీలింగు ఫ్యాను, నా నుదురు మాత్రమే కనిపించేవట. పాదాల నుంచి తల దాకా కనబడేట్టు పెట్టుకోవడానికే రెండు తరగతులు పట్టింది. ఆ తర్వాత మాత్రం ఆమె కన్నుగప్పడం కుదరలేదు. కుర్చీలోంచి లేచేటప్పుడు నేను ఊపిరి బిగపడతానని నాకే తెలియదు. అలా బిగపడితే ఛాతీలో ఒత్తిడి పెరిగి బీపీ ఎగిసి పడుతుంది కనుక లేస్తూ గట్టిగా అంకె పలకమన్నది. నాలుగో వారంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి చేరే ఒక పెద్దావిడ ఎప్పటికంటే నెమ్మదిగా కదులుతుంటే, తరగతి ఆపి, “ఆంటీ, ఫోను కిందికి దించి పాదాలు చూపించండి” అన్నది. చీలమండల చుట్టూ మేజోళ్ల అంచు లోతుగా గాడి పడి ఉన్నది. బరువు చూసుకున్నారా అని అడిగితే మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగానని ఆవిడ చెప్పారు. గుండె బలహీనంగా ఉన్నవారికి అంత త్వరగా పెరిగే బరువు ఒంట్లో చేరుతున్న నీరు కావచ్చు. ఆ రోజు వ్యాయామం మాన్పించి, డాక్టరు దగ్గరకు వెళ్లేదాకా ఆవిడ కొడుకుతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నది. అదే రోజు పొద్దున యాప్ ఆవిడను ‘ఈ రోజు ఎలా ఉన్నారు?’ అని అడిగిందట. ఆవిడ నవ్వు ముఖం బొమ్మ నొక్కారట. బరువు సంగతి యాప్ అడగదు.

రికార్డు వీడియోల వల్ల నాకు జరిగినది కూడా రాయాలి. అయిదో వారంలో ఒక ఉదయం ఇరవై రెండు నిమిషాల నడక వీడియో పూర్తయింది. చివర నెమ్మదించే కదలికలను ఈ సంస్థవారు వేరే వీడియోగా పెట్టారు. అది తెరుచుకునేలోపే కరెంటు పోయింది, దానితో పాటు ఇంటర్నెట్టూ పోయింది. సరే, అయిపోయిందిలే అని కుర్చీలో కూర్చున్నాను. నిమిషం తిరగకముందే చెమటలు పట్టి, కళ్ల ముందు గోడ గడియారం ఈదడం మొదలుపెట్టింది. మా ఆవిడ నన్ను చాప మీద పడుకోబెట్టి, కాళ్లు కుర్చీ మీదికి ఎత్తి పెట్టి బీపీ చూస్తే 94, 56. నడుస్తున్నంతసేపూ కాళ్లలో రక్తనాళాలు విప్పారి ఉంటాయి, పిక్కలు ముడుచుకుంటూ ఆ రక్తాన్ని పైకి తోస్తూ ఉంటాయి. చటుక్కున ఆగితే తోసేది ఆగిపోయి రక్తం కాళ్లలోనే నిలుస్తుంది. పైగా బీపీ మాత్ర వేసుకొని అప్పటికి గంట. సంస్థ సహాయ కేంద్రానికి సందేశం పెడితే ‘చెల్లింపు, లాగిన్, తరగతి వేళలు, ఇతరములు’ అని నాలుగు దారులు చూపించింది. ఇతరములు నొక్కాము. నలభై ఒక్క నిమిషాల తర్వాత ఫోను వచ్చింది, అప్పటికి నేను లేచి ఇడ్లీ తింటున్నాను.

మర్నాటి తరగతిలో ఈ సంగతి చెబితే ఫిజియో అమ్మాయి నన్ను తప్పుపట్టలేదు, డాక్టరుగారికి రిపోర్టు రాసి పంపింది. ఆయన మాత్ర వేళ మార్చారు. వీడియో ఆగినా కాళ్లు ఆపకుండా కనీసం అయిదారు నిమిషాలు వేగం తగ్గించుకుంటూ నడవాలని అందరి చేతా ఆ రోజు మళ్లీ చేయించింది. ఒక కాగితం కూడా రాయించింది, అది ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీద ఉన్నది: ఛాతీలో నొప్పి గానీ బరువు గానీ వస్తే వెంటనే ఆపి కూర్చోవాలి, డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి, నిలబడి కాదు, కూర్చునే, ఎందుకంటే అది బీపీని దించుతుంది, అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయాలి, సొంతంగా ఆటో ఎక్కకూడదు. పై బీపీ 180 గానీ కింది బీపీ 110 గానీ దాటిన రోజున వ్యాయామం లేదు. ఈ కాగితం నేను కార్యక్రమంలో చేరిన రోజునే, అచ్చు వేసి, రబ్బరు పట్టీతో పాటు పంపవలసినది. అయిదో వారందాకా ఆగవలసినది కాదు.

రికార్డు వీడియోల్లో ఇంకో లోపం, అవి ఎవరికైనా ఒకటే. మా తరగతిలో బైపాస్ అయి ఏడు వారాలైన మల్కాజిగిరి పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. కోసి కలిపిన రొమ్ము ఎముక గట్టిపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకు బరువులు ఎత్తడం, చేతులు బలంగా వెనక్కి లాగడం పనికిరాదు. అయినా ఆయన యాప్‌లోనూ, నా యాప్‌లోనూ మూడో వారం రబ్బరు పట్టీని ఛాతీకి అడ్డంగా సాగదీసే వీడియోయే వచ్చింది. ప్రత్యక్ష తరగతిలో ఆయనను ఆపారు కనుక సరిపోయింది. డబ్బింగ్ గురించి ఎక్కువ రాయను. ‘మీ కోర్‌ను నిమగ్నం చేయండి’ అంటే పొట్ట బిగించమని తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది.

ఆరో వారంలో 2,000 రూపాయలకు యోగా విభాగం అదనంగా తీసుకోమని ఫోన్లు మొదలయ్యాయి. రెండోసారి గుండెపోటు రాకుండా యోగా కాపాడుతుందని పరిశోధనలో తేలిందని అవతలి కుర్రవాడు గట్టిగా చెప్పాడు. ఆ పరిశోధన యోగా-కేర్. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మంది మీద జరిగింది, 2020లో ప్రచురించారు. యోగా నేర్చుకున్నవారు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉన్నదని చెప్పుకున్నారు, పూర్వపు పనుల్లోకి బాగా తిరిగి వెళ్లగలిగారు. అది చిన్న సంగతి కాదు. కాని గుండెపోట్లు, మరణాలు తగ్గాయని రూఢిగా చెప్పడానికి ఆ పరిశోధన బలం సరిపోలేదు. ఇది వివరించబోతే కుర్రవాడు 1,500కే ఇస్తానన్నాడు.

పన్నెండు వారాలు ఏప్రిల్ చివర ముగిశాయి. ఆఖరి వారాల్లో మా రెండో అంతస్తు హాలు పొద్దున ఎనిమిదింటికే కాలిపోయేది. అడిగితే తరగతిని ఆరింటికి మార్చారు, అందుకు మెచ్చుకోవాలి. చివరి పరీక్షలో కుర్చీలోంచి పదకొండుసార్లు లేచాను. ఇంకా ఒకటి తక్కువే. మడమకు బొటనవేలు ఆనించి పది సెకన్లు నిలబడ్డాను. మెట్లు రెండో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కుతున్నాను, ఆదివారాలు మా అమ్మాయితో ఇందిరా పార్కులో రెండు చుట్లు నడుస్తున్నాను.

డబ్బు లెక్కకు వస్తే, 12,600ను 24 ప్రత్యక్ష తరగతుల మీద పంచితే ఒక్కోటి 525 రూపాయలు. మా వీధిలో ఇంటికి వచ్చే ఫిజియో 700 తీసుకుంటున్నారు. వీడియోలకు విలువ సున్నా వేసుకున్నా నాకు గిట్టింది. వీడియోలు మాత్రమే ఇచ్చే 4,000 రూపాయల పథకం కూడా ఈ సంస్థకు ఉన్నది. డెబ్బై దాటిన గుండె రోగికి దాన్ని నేను ఉచితంగా ఇచ్చినా సిఫారసు చేయను. నడుస్తుంటే నొప్పి వచ్చేవారు, ఆయాసం కొత్తగా పెరుగుతున్నవారు, గుండె లయ అదుపులో లేనివారు, కవాటం బాగా సన్నబడిందని డాక్టరు చెప్పినవారు దూరమైనా ఆసుపత్రికే వెళ్లాలి. ఇంట్లో రెండో మనిషి లేనివారి విషయంలోనూ నా మాట అదే. చాప మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తే మనిషిని ఏ యాప్ పంపదు. చేరదలచినవారు డబ్బు కట్టకముందే రెండు సంగతులు అడగండి: ప్రత్యక్ష తరగతిలో ఎంతమంది ఉంటారు, వ్యాయామం మధ్యలో కళ్లు తిరిగితే ఫోను ఎవరు ఎత్తుతారు, ఎంతసేపట్లో.

మే నెల నుంచి వారానికి ఒక ప్రత్యక్ష తరగతి మాత్రం కొనసాగిస్తున్నాను. వీడియోలు అక్కరలేదు, ఆ మేరకు తగ్గించండి అంటే పథకాన్ని విడగొట్టే వీలు లేదన్నారు. ఎనిమిదో వారంలో తెగిపోయిన రబ్బరు పట్టీకి బదులు కొత్తది పంపిస్తామని ఏప్రిల్ 3న రాశారు. ఇంకా రాలేదు.